సంతకం చేయించుకుంటే శిక్షణ అయిపోయినట్టేనా?

కిందటేడు ఒక సోమవారం ఉదయం విశాఖపట్నంలో ఓడల మరమ్మతులు చేసే ఒక యార్డు గేటు పక్కన రెండు గంటలపాటు నిలబడ్డాను. ఆ యార్డు పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే నాకేమీ కాదు, నాతో మాట్లాడిన ఆడవాళ్ళ గేట్ పాసులు మర్నాటికల్లా పోతాయి. ఆ రోజు కొత్తగా చేరిన కాంట్రాక్టు కూలీలకి భద్రతా శిక్షణ జరుగుతోంది. గేటు పక్కనున్న రేకుల షెడ్డులో ముప్ఫైమంది దాకా మగవాళ్ళు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. అదే కాంట్రాక్టర్ కింద అదే రోజు చేరిన తొమ్మిదిమంది ఆడవాళ్ళు బయట గోడ నీడన టిఫిన్ క్యారేజీలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వీళ్ళని లోపలికి ఎందుకు పిలవలేదని అడిగాను. సేఫ్టీ చూసే కుర్రాడు చాలా మర్యాదగానే జవాబు చెప్పాడు: "వీళ్ళది క్లీనింగే కదండీ, వీళ్ళకి అవసరం ఉండదు."

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. ఆ మాట అతను పుట్టించింది కాదు. ఊడ్చేది, తుడిచేది, మోసేది ఆడది గనక అది పనే కాదు, పని కానిదానికి ప్రమాదమెక్కడిది అనే లెక్క మన ఇళ్ళలోంచే యార్డు దాకా నడిచి వెళ్ళింది.

షెడ్డులో ఏం జరిగిందో కూడా చెప్పాలి. టీవీలో హిందీ వీడియో ఒకటి వేశారు. కూర్చున్నవాళ్ళలో సగంమంది శ్రీకాకుళం, విజయనగరం పల్లెలనుంచి వచ్చినవాళ్ళు. కొంతమంది ఒడియా కుర్రాళ్ళు. హెల్మెట్, బెల్టు, బూట్లు బొమ్మల్లో కనబడ్డాయి కాబట్టి అంతవరకూ అర్థమై ఉంటుంది. తర్వాత ఇంగ్లీషులో అచ్చయిన కాగితం మీద వరసగా సంతకాలు పెట్టించారు. అందులో ఏముందని అడిగినవాళ్ళు లేరు, చదివి చెప్పినవాళ్ళూ లేరు. అంతా కలిపి నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలకీ కూలీ లేదని సాయంత్రం తెలిసింది. డ్యూటీ శిక్షణ అయ్యాకే మొదలవుతుందట.

ఆ కాగితం వెంటనే ఎవరికీ పనికిరాదు. మనిషి పోయిన రోజున బీరువాలోంచి బయటికొస్తుంది. "మేం నేర్పాం, ఇదిగో సంతకం, అతనే నిర్లక్ష్యం చేశాడు." అప్పుడా సంతకం నష్టపరిహారం అడగడానికి వచ్చిన భార్య ముందు పెట్టే సాక్ష్యం. శిక్షణ ఇచ్చింది కార్మికుణ్ణి కాపాడడానికా, కార్మికుడి నుంచి యాజమాన్యాన్ని కాపాడడానికా?

ఇక ఆ తొమ్మిదిమంది "క్లీనింగు" సంగతి. ఓడని బయటనుంచి చూసినవాళ్ళకి దాని కడుపులో ఎన్ని గదులున్నాయో తెలీదు. అడుగున డబుల్ బాటమ్ ట్యాంకులు, పక్కల బాలస్ట్ ట్యాంకులు, ఇంజను కింద నూనె, మురికినీళ్ళు చేరే బిల్జీలు. మనిషి ఒంగి, భుజాలు ముడుచుకుని దూరేంత కంత ఒక్కటే దారి. మగవాళ్ళు లోపల తుప్పు గీకి, గ్రైండింగ్ చేసి, రేకు కోసి బయటికొచ్చాక, ఆ తుప్పు పొట్టునీ బురదనీ తట్టల్లోకెత్తి అందించేది ఈ ఆడవాళ్ళే. అంటే వెల్డర్ వెళ్ళిన చోటికి వీళ్ళూ వెళ్తారు. వెల్డర్ కోసం పెట్టిన ఫ్యానూ, దీపమూ తీసేశాక వెళ్తారు.

మూసి ఉంచిన ఇనప ట్యాంకులో తుప్పు పడుతున్నంతసేపూ ఇనుము గాలిలోని ఆక్సిజన్‌ని తినేస్తూ ఉంటుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. 19.5 కంటే తగ్గితే మనిషి దిగకూడదని అమెరికా షిప్‌యార్డు నిబంధనలు చెబుతాయి. దీనికి వాసన ఉండదు, రంగు ఉండదు. వెల్డింగుకి వాడే ఆర్గాన్ గాలికంటే బరువు, అడుక్కి దిగి కూర్చుంటుంది. దానికీ వాసన లేదు. పైపు చివర సరిగ్గా బిగించకపోతే కటింగు గ్యాస్ రాత్రంతా కారి ట్యాంకు నిండుతుంది, పొద్దున్న మొదటి నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది. మీటరు పెట్టి కొలిచేదాకా ఏ అనుభవజ్ఞుడూ దీన్ని కనిపెట్టలేడు.

ఆ తొమ్మిదిమందిలో ఒకామెకి యాభై దాటాయి. ఇంతకుముందు వేరే కాంట్రాక్టర్ దగ్గర చేసింది. గోడ నీడన కూర్చునే నాకీ సంగతి చెప్పింది. "ట్యాంకులోకి దిగీసరికి కాళ్ళు తేలిపోయినట్టయిపోయింది. తట్ట ఎక్కడో, నేనెక్కడో తెలీలేదమ్మా. మా ఆడబిడ్డ కొడుకు పైనుంచి సూసి దూకీసినాడు. ఆడూ పడిపోనాడు." ఆ రోజు ఇంకొకరెవరో గాలి గొట్టం లోపలికి దింపారు కాబట్టి ఇద్దరూ బతికారు. మేస్త్రీ ఏమన్నాడో తెలుసా? "పొద్దున్న ఏమీ తినకుండా వచ్చుంటుంది." రెండు రోజుల కూలీ చేతిలో పెట్టి, ఇంటికెళ్ళి పడుకోమన్నాడు. ఆడది కళ్ళు తిరిగి పడితే దానికి మన దేశంలో మూడే కారణాలు: తినకపోవడం, నెలసరి, కడుపు. నాలుగోది ఉండొచ్చని ఆ మేస్త్రీకి ఎవరూ నేర్పలేదు.

ఆ కుర్రాడు దూకడం గురించి కూడా అనాలి. అమెరికాలో వృత్తి ఆరోగ్యం చూసే ప్రభుత్వ సంస్థ నియోష్ 1986లో ఒక హెచ్చరిక చేసింది. ఇలాంటి ఇరుకు చోట్ల చనిపోయినవాళ్ళలో 60 శాతానికి పైగా, పడిపోయినవాళ్ళని రక్షించడానికి వెళ్ళినవాళ్ళేనట. మనవాడు పడిపోతే దూకకుండా ఆగి, కేకేసి, గాలి పంపి, తాడు కట్టుకుని దిగాలి. ఇది మనసుకి ఎదురు తిరిగే పని. అందుకే దాన్ని నేర్పాలి, ఒకటికి పదిసార్లు చేసి చూపించాలి. వీడియోతో వచ్చేది కాదు. మేనత్తో, తమ్ముడో లోపల పడి ఉంటే ఏ బోర్డు మీది రాతా ఎవరినీ ఆపదు.

అలాగని శిక్షణే సర్వస్వమని నేనడం లేదు. అలా అంటే యాజమాన్యం పాటే పాడినట్టు. 2020 ఆగస్టు 1న విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో 70 టన్నుల క్రేన్‌ని బరువుతో పరీక్షిస్తుండగా అది కూలిపోయి పదకొండుమంది చనిపోయారు. వాళ్ళలో నలుగురు యార్డు ఉద్యోగులు, ఏడుగురు కాంట్రాక్టు ఏజెన్సీల మనుషులు. కూలే క్రేన్ కింద ఉన్న మనిషికి ఏ హెల్మెట్ అడ్డం పడుతుంది? 2018 ఫిబ్రవరి 13న కొచ్చిన్ షిప్‌యార్డులో మరమ్మతుకొచ్చిన సాగర్ భూషణ్ అనే డ్రిల్లింగు ఓడలో పేలుడు జరిగి ఐదుగురు పోయారు. యంత్రం సరిగ్గా ఉండాలి, గాలి ఆడాలి, మీటరుతో కొలిచాకే పర్మిట్ ఇవ్వాలి, పరీక్ష జరిగేచోట జనం ఉండకూడదు. ఇవన్నీ డబ్బు పెట్టాల్సిన పనులు, యాజమాన్యం చెయ్యాల్సిన పనులు. వీటన్నిటి తర్వాత వచ్చేది హెల్మెట్. మన దగ్గర అన్నిటికంటే చవకైంది కాబట్టి దాన్నే మొదట పెడతారు.

మరి శిక్షణ దేనికి? ఈ ట్యాంకుకి ఈ రోజు గాలి కొలిచారా అని అడగడానికి. కొలవకపోతే దిగనని అనడానికి. నేను అడుగుతున్న శిక్షణ ఇదీ. అడగడం నేర్పని శిక్షణ, విధేయత పాఠం మాత్రమే, అది ఆడవాళ్ళకి పుట్టినప్పటినుంచీ ఉచితంగానే దొరుకుతోంది.

చట్టంలో ఈ హక్కు లేదా అంటే, ఉండింది. భోపాల్ తర్వాత 1987లో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి 111-ఎ సెక్షన్ చేర్చారు. తన ఆరోగ్య భద్రతల గురించి సమాచారం అడిగే హక్కు, శిక్షణ పొందే హక్కు, రక్షణ ఏర్పాట్లు చాలకపోతే ఇన్‌స్పెక్టరుకి నేరుగా చెప్పుకునే హక్కు ప్రతి కార్మికుడికీ ఉన్నాయని అది చెప్పింది. ముప్ఫై ఏడేళ్ళకి పైగా పుస్తకంలో ఉన్న ఆ హక్కు గోడ నీడన కూర్చున్నవాళ్ళ చెవిన ఒక్కసారీ పడలేదు. ఇప్పుడా చట్టమే పోయింది. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో వృత్తి భద్రతా కోడ్ అమల్లోకొచ్చింది. కరెంటు వాడే చోట పదిమంది పనివాళ్ళుంటే ఫ్యాక్టరీ అన్నది పాత చట్టం, ఇరవైమంది ఉండాలంటోంది కొత్త కోడ్. ఇరవైమంది కూలీలున్న కాంట్రాక్టర్‌ని పట్టుకునేది పాత కాంట్రాక్టు లేబర్ చట్టం, కోడ్ దాన్ని యాభైకి పెంచింది. ఓడ మరమ్మతులో సబ్‌కాంట్రాక్టర్ కింద సబ్‌కాంట్రాక్టర్ పదిహేనుమందితో, పాతికమందితో పని లాగించడం కొత్తేమీ కాదు. ఎవరి కోసం గీశారు ఈ కొత్త గీతలు?

అదే కోడ్ ఆడవాళ్ళు అన్ని సంస్థల్లో అన్ని రకాల పనులూ చెయ్యొచ్చంటోంది, వాళ్ళ సమ్మతితో రాత్రిపూట కూడా. మనలో కొందరు దీన్ని విజయమన్నారు. పాత చట్టం ప్రమాదకరమైన పనుల్లో ఆడవాళ్ళని నిషేధించే అధికారం ప్రభుత్వాలకిచ్చింది. పనిని బాగుచెయ్యడం మానేసి ఆడదాన్ని గెంటెయ్యడం రక్షణ అనిపించుకోదని మనం ఏళ్ళ తరబడి వాదించాం. ఆ వాదన మీద నేనిప్పటికీ నిలబడతాను. కానీ రేపటి గేట్ పాస్ మేస్త్రీ చేతిలో ఉన్న మనిషి ఇచ్చే సమ్మతి ఎంత సమ్మతి? కాదంటే పనుండదు. అవునంటే, "ఆమే ఒప్పుకుంది" అని ఇంకో సంతకం.

మా సంస్థలోనే ఒక స్నేహితురాలు నన్ను వారించింది. "నువ్వు గొడవ చేస్తే శిక్షణ ఇవ్వరు, ఆడవాళ్ళని తీసేసి మగవాళ్ళని పెట్టుకుంటారు. ఆ కూలీ డబ్బులు కూడా పోతాయి." ఇది ఊహ కాదు, నిజంగా జరిగే పనే. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆ మాటే వెళ్ళి ఆ ఆడవాళ్ళనే అడిగాను. యాభై దాటినామె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను పడిపోయినా ఆ డబ్బులు పోతాయి కదమ్మా" అంది. మిగతావాళ్ళలో ఇద్దరు మాత్రం మా పేర్లు ఎక్కడా రాయొద్దన్నారు. రాయలేదు.

ఇంకొకటి నా సొంత సంగతి. మా నాన్న ఓడల్లో ఆవిరి పైపులకి తెల్లటి తాళ్ళూ ముద్దా చుట్టే పని చేసేవాడు. సాయంత్రం ఇంటికి వస్తే బట్టల మీద పిండి పట్టినట్టుండేది. మా అమ్మ వాటిని వీధిలో దులిపి, నుయ్యి దగ్గర బాది ఉతికేది. ఆ ముద్ద ఆస్‌బెస్టాస్ అని మాకెవరూ చెప్పలేదు. అప్పటికే, 1965లోనే, లండన్‌లో వెలువడిన ఒక అధ్యయనం ఆస్‌బెస్టాస్ కార్మికుల ఇంటివాళ్ళకి కూడా మెసోథీలియోమా అనే క్యాన్సర్ వస్తోందని, వాళ్ళలో భర్తల పని బట్టలుతికిన భార్యలున్నారని బయటపెట్టింది. మా అమ్మ ఆఖరి రోజుల్లో దగ్గుతో ఎంతోమంది డాక్టర్ల దగ్గరికి తిరిగింది. మీ ఆయన ఏం పని చేసేవాడని ఒక్కరూ అడగలేదు. ఆమెకొచ్చింది ఫలానా జబ్బని నేనిప్పుడు అనలేను. అడగలేదనే అంటున్నాను.

1995 జనవరిలో సుప్రీంకోర్టు, కార్మికుడి ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని తీర్పిస్తూ, ఆస్‌బెస్టాస్ పరిశ్రమలు కార్మికుల ఆరోగ్య రికార్డులు చేరిననాటి నుంచి 40 ఏళ్ళు గాని, మానేశాక 15 ఏళ్ళు గాని దాచాలని చెప్పింది. మంచి తీర్పు. ఆ రికార్డులో బట్టలుతికినావిడ పేరు ఉండదు. కొత్త ఓడల్లో ఆస్‌బెస్టాస్ వాడకం అంతర్జాతీయ నిబంధనల ప్రకారం 2011 నుంచి పూర్తిగా నిషిద్ధం. కానీ మరమ్మతుకొచ్చేవన్నీ కొత్త ఓడలు కావు. పాత రంగుల్లో సీసమూ ఉంటుంది. సీసంతో పనిచేసేవాళ్ళ బట్టలు యజమానే ఉతికించాలని అమెరికాలో 1978లోనే నిబంధన పెట్టారు. మన దగ్గర ఆ యజమాని చాకిరీ ఆడవాళ్ళు ఇంటి దగ్గర సబ్బు ఖర్చు కూడా తామే పెట్టుకుని చేస్తున్నారు. ఇది మగవాళ్ళ పరిశ్రమ, మహిళా సంఘానికేం పని అనేవాళ్ళకి నా జవాబు ఆ నుయ్యి దగ్గరి బండ.

మేం ఆ కాంట్రాక్టర్‌కీ, యార్డుకీ, ఫ్యాక్టరీల శాఖకీ అర్జీలు పెట్టాం. ట్యాంకులోకి దిగే ప్రతి మనిషికీ, చేతిలో ఉన్నది వెల్డింగు రాడ్డయినా చీపురయినా, ఒకే శిక్షణ ఉండాలన్నాం. తెలుగులో, ఒడియాలో, కూలీతో కూడిన సమయంలో, నిజం ట్యాంకు దగ్గర చేసి చూపించాలన్నాం. కొలిచిన అంకె కంత పక్కన సుద్దముక్కతో అందరికీ కనబడేలా రాయాలన్నాం. స్నానానికి నీళ్ళు, బట్టలు మార్చుకునే గది ఆడవాళ్ళకీ ఉండాలన్నాం, పని బట్టలు యార్డులోనే ఉతికించాలన్నాం. కాంట్రాక్టర్ కాగితం తీసుకోలేదు. శాఖవారు రసీదిచ్చారు. యార్డు నుంచి నెలన్నరకి రెండు వాక్యాల జవాబొచ్చింది: క్లీనింగు సిబ్బంది సాంకేతిక శిక్షణ పరిధిలోకి రారు, అయినా వారి భద్రతకి సంస్థ కట్టుబడి ఉంది.

కొత్త బ్యాచి వచ్చే సోమవారం చేరుతోంది. ఈసారి గోడ నీడన కూర్చునేవాళ్ళతో పాటు మేం ఐదుగురం కూర్చుంటున్నాం, చేతిలో తెలుగులో రాసుకున్న నాలుగు పేజీలున్నాయి. విశాఖలో ఉన్న మిత్రులు ఎవరైనా రాగలిగితే ఏడున్నరకల్లా రండి, ఎనిమిదికి లోపలికి పంపేస్తారు.