ఆటిజం గల యువత ఉపాధి: కార్మిక సంఘాల కర్తవ్యం

ఆటిజం గల పిల్లల బడి గురించి, చికిత్స గురించి మన దేశంలో కొంత చర్చ జరుగుతున్నది. అది హర్షణీయమే. కాని ఆ పిల్లలు పెద్దవారైన తరువాత ఏమిటన్న ప్రశ్నకు సమాధానం చెప్పేవారు కరువైనారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 31వ సెక్షన్ ఉచిత విద్యను 18 సంవత్సరాల వయస్సు వరకే హామీ ఇచ్చింది. ఆ గీత దాటగానే బడి తలుపు మూసుకుంటుంది. ఫ్యాక్టరీ గేటు మాత్రం తెరుచుకోదు. యువకుడు నాలుగు గోడల మధ్య మిగిలిపోతాడు. అతనిని కనిపెట్టుకొని ఉండటానికి తల్లి కొలువు మానుకుంటుంది. ఒకే ఇంటిలో ఇద్దరి సంపాదన పోతుంది. దీనిని ఆ కుటుంబపు తలరాతగా సరిపెట్టుకోవటం తగదు. ఇది ఉపాధి సమస్య, వేతన సమస్య; కనుకనే కార్మిక సంఘాల సమస్య.

చట్టం లేదని కాదు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం ప్రస్తావన లేకపోయినా, 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం దానిని గుర్తించింది. 2016 చట్టం ప్రభుత్వ ఉద్యోగాలలో 4 శాతం రిజర్వేషన్ కల్పించి, అందులో 1 శాతాన్ని ఆటిజం, మేధో వైకల్యం, మానసిక రుగ్మత, బహుళ వైకల్యాలు మొదలైనవి గల వారందరికీ కలిపి కేటాయించింది. కాని ఈ హక్కు ఇంటర్వ్యూ గది గడప దగ్గరే ఆగిపోతున్నది. కళ్ళలోకి చూసి గడగడ మాట్లాడలేనివాడు పనికిరాడని అక్కడే తేల్చివేసే యాజమాన్యానికి, అతడు యంత్రం ముందు ఎంత నిష్ఠగా పనిచేయగలడో ఎట్లా తెలుస్తుంది? మాటను కాక పనిని పరీక్షించాలి.

ఇక వేతనం సంగతి. శిక్షణ పేరుతో ఏళ్ళ తరబడి కవర్లు, కొవ్వొత్తులు చేయించి, చేతిలో కొద్దిపాటి స్టైపెండ్ పెట్టే పద్ధతి ఉన్నది. 1948 కనీస వేతనాల చట్టం 26వ సెక్షన్ వికలాంగ కార్మికులను ఆ చట్టం నుండి మినహాయించే అధికారాన్ని ప్రభుత్వాలకు ఇచ్చింది. ఆ చట్టం స్థానంలో వేతనాల కోడ్ వచ్చినా, వికలాంగుని శ్రమ చౌక అన్న భావన పోలేదు. సాటి కార్మికునికి తక్కువ కూలి ఇచ్చే చోట మన కూలికీ భద్రత లేదని శ్రామికవర్గం అనుభవంతో నేర్చుకున్నది.

మామూలు యువకులకే పని లేనప్పుడు వీరికెక్కడిదని కొందరు వాదిస్తారు. నిరుద్యోగానికి కారకులు వీరు కారు. వీరికి కావలసిన సదుపాయాలు ఖరీదైనవీ కావు: పని క్రమాన్ని వ్రాసి ఇవ్వటం, షిఫ్టు మారితే ముందుగా తెలపటం, రొద తక్కువగా ఉన్న చోటు, చెవులకు రక్షణ, మొదటి నెలల్లో ప్రక్కన నిలిచి నేర్పే అనుభవజ్ఞుడు. వీటిలో మిగిలిన కార్మికులకు మేలు చేయనిది ఏది?

ఎంత తోడ్పాటు ఇచ్చినా ఉద్యోగం చేయలేనివారూ ఉన్నారు. తల్లిదండ్రుల తదనంతరం వారి గతి ఏమిటి? పూర్తి శాశ్వత వైకల్యం గల సంతానానికి 1995 ఉద్యోగుల పెన్షన్ పథకం జీవితాంతం పెన్షన్ ఇస్తుంది. కాని ప్రావిడెంట్ ఫండ్ ముఖమే చూడని హమాలీ కొడుకుకు, ఇళ్ళలో పాచిపని చేసే స్త్రీ కూతురికి ఆ ఆసరా ఏదీ?

కనుక మన సంఘాలు ఈ క్రింది కోర్కెలను చేపట్టాలి.

1. 14, 15 ఏళ్ళ నుండే బస్సు ప్రయాణం, డబ్బు లెక్క, వంట, పని అలవాట్లు నేర్పే శిక్షణను ప్రభుత్వ పాఠశాలల్లో ఏర్పాటు చేయాలి.

2. 1 శాతం కోటా ఖాళీలను ప్రతి శాఖలో ప్రకటించి భర్తీ చేయాలి.

3. శిక్షణ కాలానికి గడువు విధించి, ఆ తరువాత కనీస వేతనం చెల్లించాలి.

4. వికలాంగ సంతానాన్ని సంరక్షించే కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 2014 ఉత్తర్వు ద్వారా లభించిన సాధారణ బదిలీల మినహాయింపును ఇతర రంగాల వేతన ఒప్పందాలలోనూ చేర్చాలి.

5. ప్రతి జిల్లాలో ప్రభుత్వ ఖర్చుతో పగటి సంరక్షణ కేంద్రం, వసతి గృహం నెలకొల్పాలి.

రానున్న వేతన చర్చలకు కోర్కెల పత్రం తయారుచేసే ప్రతి శాఖా ఈ అంశాలను అందులో చేర్చాలి. ఈ యువతీయువకులకు సభ్యత్వ రశీదు వ్రాసి ఇచ్చి, వారిని కార్మికులుగా మొట్టమొదట గుర్తించే గౌరవం మన సంఘాలకే దక్కాలి.