స్టీరింగు పట్టే ముందు లెక్కల పుస్తకం పట్టాలి

మన రైల్వే కాలనీలలోను, తపాలా క్వార్టర్లలోను పెరిగిన పిల్లలు ఒకప్పుడు తండ్రి చేసిన ఉద్యోగం వైపే చూసేవారు. నేడు ఆ ద్వారం ఇరుకైపోయింది. నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తూ వయోపరిమితి దాటిపోతున్న యువకులలో కొందరు దూరప్రయాణపు లారీలపై డ్రైవర్లుగా చేరుతున్నారు. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలో దేశపు సరకులో అత్యధిక భాగాన్ని రైలు మోసింది; నేడు పెద్ద వాటాను లారీ మోస్తున్నది. కావున లారీ డ్రైవరు మనకు పరాయివాడు కాడు. అయితే ఆ వృత్తిలో అడుగుపెట్టే యువకుడు డబ్బు విషయంలో ఎంత అసహాయంగా బయలుదేరుతున్నాడో మనలో ఎందరం గమనించాము?

నేను గమనించలేదు. ఆ సంగతి ముందుగా ఒప్పుకోవాలి.

మా డివిజనులో గూడ్సు గార్డుగా పనిచేసిన ఒక సోదరుని కుమారుడు విజయవాడ నుండి కలకత్తా మార్గంలో నడిచే లారీపై చేరాడు. చేరబోయే ముందు తండ్రీ కొడుకులు నా సలహా అడిగారు. "పని పనే, చేరవయ్యా" అన్నాను. జీతమెంత అని అడిగానుగాని, అది ఏ తేదీన, ఏ లెక్కపై వస్తుందని అడగలేదు. ఇతరులకు జీతాల చీటీ చదవడం నేర్పుతూ జీవితం గడిపినవాడికి ఇది తగని పొరపాటు.

మొదటి ట్రిప్పుకు యజమాని గుమాస్తా డీజిలు, టోలు, బత్తా అన్నీ కలిపి ఒకే మొత్తం చేతిలో పెట్టాడు. అవతలి చివర ఫ్యాక్టరీ గేటు ముందు సరకు దిగడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల తిండి, హమాలీల అదనపు కూలి, ఒక టైరు మరమ్మతు అన్నీ అదే మొత్తం నుండి పోయాయి. తిరుగు లోడు కోసం మరికొన్ని రోజులు కాచుకోవలసి వచ్చింది. ఇల్లు చేరేసరికి బస్తాలలో తరుగు వచ్చిందని గుమాస్తా మరికొంత కోత వేశాడు. దేనికీ రసీదు లేదు. చివరకు ఆ కుర్రవాడే యజమానికి బాకీ అని తేలింది. ఈలోగా ఇంటివద్ద అద్దె కట్టడానికి అతని తల్లి గాజులు తాకట్టు పెట్టింది.

మన ఉద్యోగానికీ, ఈ ఉద్యోగానికీ గల తేడా ఇక్కడే ఉన్నది. మనకు జీతం నిర్ణీత దినాన ఖాతాలో పడుతుంది. రన్నింగ్ సిబ్బందికి కిలోమీటర్ల లెక్కన అలవెన్సు, విశ్రాంతికి రన్నింగ్ రూము ఉన్నాయి. ఇవేవీ ఎవరి దయవల్లా రాలేదు. లారీ డ్రైవరుకు కొన్నిచోట్ల నెల జీతం, బత్తా; కొన్నిచోట్ల ట్రిప్పు లెక్క; మరికొన్నిచోట్ల కిరాయిలో వాటా. వీటిలో ఏది తనకు వర్తిస్తుందో కూడా తెలియకుండా కొత్తవాడు బండి ఎక్కుతున్నాడు.

కావున కొత్త డ్రైవరు తన చేతికి వచ్చే డబ్బును మూడు మూటలుగా చూడడం నేర్చుకోవాలి.

మొదటిది బండి డబ్బు. దారిఖర్చులకు ఇచ్చిన మొత్తం ఆదాయం కాదు. అది యజమాని సొమ్ము. దానికి వేరే జేబు, వేరే పుస్తకం ఉండాలి. ఎక్కడ, ఎంత, ఎందుకు అన్నది ఏ రోజుకారోజు రాయాలి. కాటా చీటీ, లోడు ఎక్కించినప్పటి బస్తాల లెక్క, దించుకున్నవారి సంతకం, గేటు ముందు ఆగిన తేదీలు భద్రపరచాలి. తరుగు వస్తే ఎవరు భరించాలి, బండి ఆగిన రోజులకు బత్తా ఉన్నదా అన్న రెండు ప్రశ్నలు చేరకముందే అడిగి, జవాబు రాయించుకోవాలి.

రెండవది ఇంటి డబ్బు. చేరిన తరువాత మొదటి పూర్తి జీతం చేతికి వచ్చేలోగా రెండు నెలలు గడిచినా ఆశ్చర్యం లేదు. అందుచేత రెండు నెలల ఇంటిఖర్చు ముందే నిలవ చేసి, భార్య లేదా తల్లి పేరిట ఖాతాలో ఉంచి మరీ బయలుదేరాలి. ఇది ఎలా సాధ్యమని అడగవచ్చు. రవాణా వాహనం నడపడానికి 20 ఏళ్లు నిండాలి. అంతకుముందు తేలికపాటి వాహనపు లైసెన్సు కనీసం ఒక సంవత్సరం చేతిలో ఉండాలి. ఆ సంవత్సరమే కూడబెట్టే కాలం. తపాలా కార్యాలయపు రికరింగ్ డిపాజిట్‌ను నెలకు 100 రూపాయలతో కూడా ప్రారంభించవచ్చు. 12 వాయిదాలు కట్టిన పిమ్మట నిలవలో సగం వరకు అప్పు దొరుకుతుంది. వడ్డీ వ్యాపారి గడప తొక్కనవసరం లేదు. ఈ సంగతి తపాలా సోదరులకు నేను చెప్పనక్కరలేదు. వారు చెప్పవలసినవారికి చెప్పాలి.

మూడవది ఒంటి డబ్బు. వేళకు తిండి, కళ్ల పరీక్ష, మందులు, బీమా ఇందులోకి వస్తాయి. ప్రధానమంత్రి సురక్షా బీమాకు సంవత్సరానికి 20 రూపాయలు, జీవన జ్యోతి బీమాకు 436 రూపాయలు చెల్లిస్తే, మొదటిదానిలో ప్రమాద మరణానికి, రెండవదానిలో ఏ కారణంవల్లనైనా సంభవించే మరణానికి చెరి రెండు లక్షల రూపాయలు కుటుంబానికి అందుతాయి. పోయిన మనిషికి అది వెల కాదు. కాని అంత్యక్రియలకే అప్పు చేయవలసిన దుస్థితి తప్పుతుంది.

ఇక రెండు ఉచ్చులున్నాయి. యజమాని ఇచ్చే పెద్ద అడ్వాన్సు మొదటిది. "బాకీ తీరేవరకు వేరే బండి ఎక్కరాదు" అని లైసెన్సు దగ్గర పెట్టుకొనే యజమానులున్నారు. అప్పు పేరిట మనిషిని కట్టిపడేయడాన్ని 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం నిషేధించింది. లైసెన్సు ఎవరికీ తాకట్టు పెట్టే వస్తువు కాదు. రెండవ ఉచ్చు మన ఇంటిలోనే ఉన్నది. పదవీ విరమణ చేసిన తండ్రి గ్రాట్యుటీ సొమ్ముతో కొడుకుకు లారీ కొనిపెట్టడం! కిస్తీ ప్రతినెలా వస్తుంది. లోడు ప్రతినెలా రాదు. పన్ను, పర్మిట్టు, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, టైర్లు ఆగవు. కనీసం మూడేళ్లు ఇతరుల బండి నడిపి, ఈ వృత్తి లెక్క తెలుసుకోనివాడికి ముసలితనపు కూడు అప్పగించవద్దని నా విన్నపం.

"సంఘం హక్కుల మాట చెప్పాలిగాని, పొదుపు మాటలెందుకు?" అని కొందరు మిత్రులు ఆక్షేపించారు. వారి అనుమానంలో న్యాయం లేకపోలేదు. యజమాని ఇవ్వవలసినది ఇవ్వకుండా, కార్మికుణ్ణి పస్తుండి కూడబెట్టుకొమ్మనడం మోసమే. కాని ఇంటిలో రెండు నెలల గింజలున్న డ్రైవరు "అధిక లోడు ఎక్కించను" అనగలడు. అధిక లోడుకు నేటి జరిమానా 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2,000 చొప్పున. గింజలు లేనివాడు తల వంచుకొని బండి తీస్తాడు. 1974 మే 8న మొదలైన రైల్వే సమ్మె 20 రోజులు సాగింది. ఆ రోజులలో ఇంటి కుండలో ఏమున్నది అన్న ప్రశ్న కూడా పోరాటంలో భాగమేనని మా పెద్దలు చెప్పగా విన్నాము.

అయినా పుస్తకం, పొదుపు సగం పనే చేస్తాయి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పనిని నిర్దేశించింది. ఐదుగురు కార్మికులున్న సంస్థకు కూడా అది వర్తించేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ ఆ చట్టాన్ని తనలో కలుపుకొని, రవాణా సంస్థలకు ఆ సంఖ్యను పదికి పెంచింది. ఒకటి, రెండు లారీల యజమానుల వద్ద పనిచేసేవారికి నాడూ రక్షణ లేదు. ఇప్పుడు నాలుగైదు లారీలవారి వద్ద పనిచేసేవారు కూడా బయటపడిపోయారు. ఈ సంఖ్యను తగ్గించాలని కోరడం లారీ డ్రైవర్ల సంఘాలకు మాత్రమే వదిలేయదగిన పని కాదు. ఆ బండ్లపై ఉన్నవారు మన బిడ్డలు.

కావున ప్రతి శాఖకు నా ప్రతిపాదన ఇది. నెలకొక సాయంకాలం సంఘ కార్యాలయంలో బల్ల వేసి కూర్చోండి. లారీ ఎక్కబోతున్న కుర్రవాళ్లను పిలవండి. షరతుల కాగితం చదవండి, ఖాతా తెరిపించండి, లెక్కల పుస్తకం చేతికివ్వండి. నేను చెప్పిన ఆ కుర్రవాడు నేటికీ అదే మార్గంలో బండి నడుపుతున్నాడు, యజమాని మారాడు. అతని జేబులో ఇప్పుడొక చిన్న పుస్తకం ఉన్నది. అది అతనికి మొదటి ట్రిప్పు ముందే ఇచ్చి ఉండవలసినవాడిని నేను.