పాత క్షేత్రాల్లో చమురు నిండుకోలేదు

ముదిగుబ్బ రైతు ట్రాక్టరు కదలాలన్నా, పండిన వేరుశనగ మార్కెట్టుకు చేరాలన్నా డీజిలు కావాలి. దేశం వాడే ముడి చమురులో నూటికి 80 పాళ్లకు పైగా విదేశాల నుంచే వస్తున్నది. కనుక మన పాత చమురు క్షేత్రాలను ఎండిపోయాయని వదిలివేయడం తగదు.

కోనసీమ తీరాన సముద్రంలో 1987లో కనుగొన్న రవ్వ క్షేత్రాన్నే చూద్దాం. ఒకప్పుడు రోజుకు 50 వేల పీపాల చమురిచ్చిన ఆ క్షేత్రంలో దిగుబడి బాగా తగ్గింది. అయితే చమురు భూగర్భంలో చెరువులా నిలిచి ఉండదు. ఇసుకరాతి సందుల్లో ఇంకి ఉంటుంది. ఎంత తోడినా సాధారణంగా సగానికి పైగా రాతిలోనే చిక్కుకుంటుంది. నీటిని లోపలికి ఎక్కించి నెట్టినా, ఆ నీరు సులువైన దారి పట్టిపోతుంది. పక్కనున్న చమురు కదలదు.

ఆ మిగులు జాడ తీయడానికి ప్రకంపనలు పంపి భూమి పొరల చిత్రం తీస్తారు. కొన్నేళ్లకు మళ్లీ తీసి, రెండింటినీ పోల్చి, నీరు చేరని చోటును గుర్తిస్తారు. రవ్వలో ఈ పద్ధతి అనుసరించారు. పాత బావుల్లోకి పరికరాలు దించి కూడా పరీక్షించవచ్చు.

గుడ్డిగా వేసిన బోరు ఎంత పని చేస్తుందో మన మండలంలో అప్పుల పాలైన ఇళ్లకు తెలుసు. సముద్రంలో బావికి కోట్లు పోతాయి. ఓఎన్‌జీసీ వంటి ప్రభుత్వ సంస్థ పెట్టేది ప్రజల సొమ్మే. పాత క్షేత్రాల్లో ముందు పరీక్షలకు నిధులివ్వాలి. ఆ తర్వాతే కొత్త బావి తవ్వాలి.