సముద్రం వైజాగ్ వాళ్లకేనా?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం... బోరులో నీళ్లు పడితే పండగ చేసుకునే ఊళ్లు. ఇక్కడి బీఎస్సీ విద్యార్థులకు సముద్రశాస్త్రం పేరెత్తితే 'అది వైజాగ్ వాళ్ల చదువు సార్' అంటారు. మనకు అక్టోబరు, నవంబరు వానలొచ్చేది బంగాళాఖాతం నుంచే. ఆ సముద్రాన్ని గమనించే జాతీయ సంస్థ ఇన్‌కాయిస్ ఉన్నదీ తీరం లేని హైదరాబాద్‌లోనే!

2016లో భారత్, బ్రిటన్ శాస్త్రవేత్తలు బంగాళాఖాతంలో గ్లైడర్లు వదిలారు. వీటికి ప్రొపెల్లర్ ఉండదు. లోపలి నూనెను బయటి సంచిలోకి పంపితే తేలతాయి, వెనక్కి లాగితే మునుగుతాయి. రెక్కల వల్ల ముందుకు జారుతాయి. వేగం గంటకు సుమారు కిలోమీటరే. నీళ్లలో జీపీఎస్ అందదు కదా, మరి ప్రవాహాన్ని కొలిచేదెలా? తేలాల్సిన చోటుకీ, నిజంగా తేలిన చోటుకీ ఉన్న తేడాను మునిగి ఉన్న సమయంతో భాగిస్తారు. అంతే, ఇంటర్‌లో చదివిన వెక్టర్లే. ఈత రానక్కర్లేదు.

ఉద్యోగాలు వేలల్లో లేవు, పీజీ తప్పనిసరి. అయినా బెంగళూరు బస్సొక్కటే దారి అనుకోవడం తొందరపాటు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ చదువుంది. సముద్రంలో తేలే ఆర్గో ఫ్లోట్ల డేటా నెట్‌లో ఉచితం. కాస్త పైథాన్ వస్తే చాలు, ఫైనలియర్ ప్రాజెక్టుకు బంగాళాఖాతం ఉష్ణోగ్రతలే తీసుకోవచ్చు. లెక్చరర్లు ఆ ఒక్క అవకాశం ఇవ్వాలి.