మూడేళ్ల బిడ్డకు మంచి బడి ఏది?

వరంగల్‌: జూన్‌ వచ్చిందంటే పల్లెల్లోని తల్లిదండ్రులకు ఒకటే సందిగ్ధం. మూడేళ్లు నిండిన బిడ్డను ఊళ్లోని అంగన్‌వాడీకి పంపాలా, మండల కేంద్రంలోని ప్రైవేటు నర్సరీకి ఆటో ఎక్కించాలా? ఇంటి ముంగిటి కేంద్రంలో భోజనం, గుడ్డు ఉచితం. నర్సరీలో టై, బెల్టు, ఆంగ్లం ఉన్నాయి. అప్పు చేసైనా రెండో దారి పట్టే కుటుంబాలు తక్కువేమీ కావు. 2025-26 విద్యా సంవత్సరంలో తెలంగాణ ప్రభుత్వం కొన్ని సర్కారు పాఠశాలల్లో పూర్వ ప్రాథమిక తరగతులు తెరవడంతో మూడో దారి కూడా ఏర్పడింది. పిల్లలు అటు తరలిపోతే తమ కేంద్రాలు వెలవెలబోతాయంటూ అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు ఆందోళనకు దిగారు. వారి భయం అకారణమైనది కాదు. అయితే ఈ వాదప్రతివాదాల నడుమ అసలు విషయం మరుగున పడింది. బడి ఏదైనా కానీ, ఉదయం తొమ్మిది గంటల నుంచి మధ్యాహ్నం వరకు ఆ బిడ్డతో ఎవరు ఉంటున్నారు, ఏం చేయిస్తున్నారు అన్నది ఎవరూ అడగడం లేదు.

ప్రమాణాలు ఉన్నాయి, కాగితంపై...

మంచి శిశు విద్యాలయం ఎలా ఉండాలో దేశంలో ఎవరికీ తెలియదనుకుంటే పొరపాటే. 2013లో కేంద్రం ఆమోదించిన జాతీయ బాల్యారంభ సంరక్షణ, విద్యా విధానం కనీస ప్రమాణాలను స్పష్టంగా నిర్దేశించింది. 30 మంది పిల్లలకు 35 చదరపు మీటర్ల గది, బయట ఆడుకోవడానికి కనీసం 30 చదరపు మీటర్ల స్థలం ఉండాలి. మూడు నుంచి ఆరేళ్ల వయసు వారికి 20 మందికి ఒకరు, మూడేళ్లలోపు వారికి పది మందికి ఒకరు చొప్పున పెద్దలు ఉండాలి. కార్యక్రమం రోజుకు మూడు, నాలుగు గంటలు సాగాలి. తాగునీరు, పిల్లల ఎత్తుకు తగిన మరుగుదొడ్డి, చేతులు కడుక్కునే ఏర్పాటు, కునుకు తీయడానికి చోటు, విడిగా వంటగది తప్పనిసరి. ప్రైవేటు ప్లే స్కూళ్లకు కూడా ప్రతి 20 మందికి ఒక టీచరు, ఒక సంరక్షకురాలు ఉండాలని, మూడేళ్లు నిండనివారిని చేర్చుకోరాదని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఫీజు కట్టే ముందు ఈ లెక్క అడిగే తండ్రి ఎక్కడో గానీ కనిపించడు. బస్సు ఉందా, ఇంగ్లిషు మీడియమేనా అన్న రెండు ప్రశ్నలతోనే చేరిక ముగుస్తోంది.

మునివేళ్లకు ముందే బలపం

నాలుగు గీతల కాపీ నిండా ఏబీసీడీలు రాస్తే చదువు బాగా వస్తోందని ఇంట్లో సంబరపడటం కద్దు. మూడేళ్ల పిల్లల మునివేళ్ల కండరాలు పెన్సిలును నిలకడగా పట్టుకునేంత గట్టిపడవు. మట్టి పిసకడం, కాగితం చింపడం, చింతగింజలు ఏరడం, పూసలు దారానికి గుచ్చడం వల్ల ఆ వేళ్లకు పట్టు చిక్కుతుంది. మంచి టీచరు మొదటి ఏడాదంతా చేయించేది ఈ పనులే. చూసేవారికి అది ఆటగా కనిపిస్తుంది కనుక చదువు చెప్పడం లేదన్న నింద ఆమెకు తప్పదు.

లెక్కల సంగతీ అంతే. వంద వరకు అంకెలు గడగడా అప్పజెప్పే పిల్లవాడిని ఐదు గింజలు తెమ్మంటే గుప్పెడు తెచ్చి పోస్తాడు. ఒకటి, రెండు అనే మాటకూ చేతిలోని వస్తువుకూ ముడి పడటమే ఈ వయసులో గణితం. కథ విని తన మాటల్లో తిరిగి చెప్పగలగడం, వరుసలో తన వంతు కోసం ఆగడం, దాహం వేస్తే అడగగలగడం ఒకటో తరగతికి అక్షరాల కంటే ఎక్కువగా అక్కరకు వస్తాయి.

తెలంగాణ, రాజస్థాన్‌, అస్సాం గ్రామాల్లో పిల్లలను ఏళ్ల తరబడి అనుసరించి అంబేడ్కర్‌ విశ్వవిద్యాలయం, అసర్‌ కేంద్రం 2017లో వెలువరించిన అధ్యయనం ఇరుపక్షాలకూ చేదు నిజమే చెప్పింది. ప్రైవేటు బడుల్లో రాతకోతలు, కంఠస్థం తప్ప ఆట లేదు. అంగన్‌వాడీల్లో బలవంతపు రాత తక్కువే గానీ, ప్రణాళిక ప్రకారం సాగే బోధన కూడా అంతంతమాత్రమే. వెరసి ఐదేళ్లు నిండేనాటికి పెద్దబడికి సిద్ధంగా ఉన్నవారు రెండు చోట్లా తక్కువే.

టీచరు ఒకరు, పనులు పది

1975 అక్టోబర్‌ 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలైనప్పుడు అంగన్‌వాడీకి అప్పగించిన ఆరు సేవలలో పూర్వ ప్రాథమిక విద్య ఒకటి మాత్రమే. పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆసుపత్రికి పంపడం, తల్లులకు అవగాహన కల్పించడం మిగతావి. బరువులు తూచాలి, గర్భిణుల వివరాలు రాయాలి, 2021లో వచ్చిన పోషణ్‌ ట్రాకర్‌ యాప్‌లో హాజరు నింపాలి. ఇంటికిచ్చే పోషకాహారానికి 2025 జులై నుంచి ముఖ గుర్తింపు తప్పనిసరి అయింది. సిగ్నల్‌ అందని గూడెంలో ఒక తల్లి ముఖం ఫోనుకు చిక్కేదాకా లోపల పిల్లలు ఎదురుచూడవలసిందే. ఎన్నికల వేళ బూత్‌ స్థాయి అధికారి విధులు సరేసరి.

తిండి విషయంలో చట్టం నిక్కచ్చిగా ఉంది. మూడు నుంచి ఆరేళ్ల బిడ్డకు రోజుకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు అందాలని 2013 నాటి ఆహార భద్రత చట్టం నిర్దేశించింది. చదువుకు అలాంటి హామీ లేదు. విద్యాహక్కు చట్టం ఆరేళ్ల నుంచి మొదలవుతుంది. అంతకు ముందు వయసు వారికి ప్రభుత్వం ఏర్పాట్లు చేయవచ్చునని మాత్రమే అందులోని 11వ సెక్షన్‌ చెబుతోంది. ‘చేయవచ్చు’కూ ‘చేయాలి’కీ ఉన్న దూరమే నేటి స్థితికి మూలం. 2020 నాటి జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచే పిల్లలను విద్యా వ్యవస్థలో భాగం చేసింది. 2023 మేలో మొదలైన పోషణ్‌ భీ పఢాయీ భీ కార్యక్రమం రోజుకు కనీసం రెండు గంటల బోధన జరగాలంది. ఆ రెండు గంటలు టీచరు చేతిలోని ఏ పని తగ్గించి ఇస్తారన్నది మాత్రం తేలలేదు.

గూడెంలో మరో చిక్కు

ఏజెన్సీ ప్రాంతాల్లో, తండాల్లో బిడ్డ ఇంట్లో మాట్లాడేది కోయ, గోండి లేదా లంబాడీ భాష. కేంద్రంలో వినిపించేది తెలుగు, ప్రైవేటు బడిలో ఆంగ్లం. తనకు తెలియని భాషలో పద్యం వల్లించే పిల్లలు కుదురుగా ఉన్నట్టు కనిపిస్తారు, నిజానికి వారు మౌనంగా ఉండిపోతున్నారు. ఆ ఊరి ఆడపడుచే టీచరుగానో, ఆయాగానో ఉన్నచోట ఏడుపులు తొందరగా ఆగుతాయి. స్థానికురాలినే నియమించాలన్న నిబంధనకు ఉన్న విలువ అక్కడ తెలుస్తుంది.

బడి ఎంచుకోదలచిన తల్లిదండ్రులు ఉదయం పదింటికి వెళ్లి పావుగంట గుమ్మం దగ్గర నిలబడితే చాలావరకు అర్థమవుతుంది. టీచరు కింద కూర్చుని మాట్లాడుతోందా, కుర్చీలోంచి అరుస్తోందా? పిల్లలు ప్రశ్నలు అడుగుతున్నారా? బొమ్మలు చేతికందే ఎత్తులో ఉన్నాయా, బీరువాలో తాళం వేసి ఉన్నాయా? బెత్తం కనిపిస్తోందా? రంగుల గోడలను చూసి మోసపోవలసిన పని లేదు. తనిఖీకి వచ్చే అధికారులు కూడా రిజిస్టర్ల కంటే ముందు ఈ పావుగంట కేటాయిస్తే నివేదికలు వేరుగా ఉంటాయి.

ఆయా పోస్టు ఖాళీగా ఉన్న కేంద్రంలో టీచరే కట్టెలు లేదా గ్యాసు చూసుకుని, బియ్యం కడిగి, గుడ్లు ఉడికించి, గిన్నెలు తోమాలి. ఆ రోజు అక్కడ కథ ఉండదు. పాట కూడా ఉండదు. పిల్లలు తిని ఇంటికి వెళ్తారు.