రాతి కోటకే చట్టమా? మట్టిగోడకు లేదా?

2019లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదులోని ఎర్రమంజిల్ భవనాన్ని కూల్చి, ఆ చోట కొత్త అసెంబ్లీ కట్టాలని నిర్ణయించింది. నవాబు ఫక్రుల్ ముల్క్ 19వ శతాబ్దంలో కట్టించిన మేడ అది. పట్నంలో చరిత్ర తెలిసినవాళ్లు, కట్టడాల మీద ప్రేమ ఉన్నవాళ్లు కోర్టుకెక్కారు. ఆ ఏడాది సెప్టెంబరు 16న హైకోర్టు మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టేసింది. హెచ్.ఎం.డి.ఎ. చట్టం చెప్పిన పద్ధతి పాటించకుండా వారసత్వ కట్టడం జోలికి పోవడానికి వీల్లేదంది. మేడ నిలిచింది. మంచిదే. నవాబు మేడ నిలబడిందని మనకేమీ కడుపుమంట లేదు.

అయితే ఆ గెలుపు ఊరికే రాలేదు. హైదరాబాదుకు 1995 నుంచి వారసత్వ కట్టడాల జాబితా ఉంది. 2015లో ప్రభుత్వం ఆ నిబంధననే ఎత్తేసింది. అయినా జాబితా ఉండేదన్న సంగతి తెలిసిన మనుషులున్నారు, దాన్ని పట్టుకుని వాదించే వకీళ్లున్నారు. మరి మన గూడేలకు ఏ జాబితా ఉంది? రేపు ఊరి చావడి మీదికి జేసీబీ వస్తే ఏ కాగితం చూపించి ఆపుతాం? ఈ ప్రశ్న మనం ఇంతవరకు గట్టిగా అడగలేదు. ఇప్పుడు అడగాలి.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. పురాతన కట్టడాలకు సంబంధించి దేశానికంతటికీ పెద్ద చట్టం 1958లో వచ్చింది. దాని లెక్కలో పురాతన కట్టడం అంటే కనీసం నూరేళ్ల వయసుండాలి. జాతీయ ప్రాముఖ్యం ఉందని కేంద్రం ప్రకటిస్తే దాని నిర్వహణ బాధ్యత కేంద్రానిదే. చంద్రాపూర్‌లో గోండు రాజుల సమాధులు అలా కేంద్ర పురావస్తు శాఖ చేతిలో ఉన్నాయి. తెలంగాణకు 2017లో సొంత వారసత్వ చట్టం వచ్చింది. చట్టాలు లేవని ఎవరూ అనలేరు. కానీ వాటి చూపంతా రాయి మీద, రాజు మీద, వయసు మీద ఉంది.

మనవాళ్లు రాజ్యాలేలినప్పుడు రాతి కోటలూ కట్టారు. కానీ మన బతుకు ఎక్కువ నడిచింది మట్టిగోడల మధ్య, తడికల మధ్య, గడ్డి కప్పు కింద. నిట్రాడు పుచ్చితే మార్చుకున్నాం. గడ్డి కుళ్లితే కొత్త గడ్డి కప్పుకున్నాం. గోడ పెచ్చులూడితే పేడా మట్టీ కలిపి అలుక్కున్నాం. అలా చూస్తే ఏ పెన్ గుడిలోనూ నూరేళ్ల కర్ర ఉండకపోవచ్చు. కానీ ఆ చోటు నూరేళ్లది, ఆ కొలత నూరేళ్లది, ఆ పని చేసే వంశం నూరేళ్లకు పైబడింది. ఇది పాతదా, కొత్తదా? పురావస్తు శాఖ కొలబద్దతో చూస్తే కొత్తది. మన కొలబద్దతో చూస్తే పాతది. కొలబద్ద ఎవరిదన్నదే ఇక్కడ తగాదా.

కేస్లాపూర్ నాగోబా జాతర చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. మెస్రం వంశం ఆడపడుచులు, అల్లుళ్లు కొత్త కుండలతో నీళ్లు తెచ్చి, పుట్టమన్ను తడిపి, దేవతల గద్దెలను మళ్లీ తమ చేతులతో చేస్తారు. అంటే అక్కడ మరమ్మతే పూజ. ఎవరు మట్టి తొక్కాలి, ఎవరు నీళ్లు తేవాలి అన్నది వావివరసల మీద నడుస్తుంది. దానికి ఏ ఇంజనీరూ అంచనా వెయ్యలేదు, ఏ టెండరూ పిలవలేదు. దేశంలో ఇంతకన్నా క్రమం తప్పని నిర్వహణ పద్ధతి ఎక్కడుందో చూపించమనండి.

ఇది అడవి మనుషుల మూఢాచారమని నవ్వేవాళ్లకు జపాన్ సంగతి చెప్పాలి. అక్కడ ఇసే అనే ఊళ్లో చెక్కతో కట్టిన పెద్ద దేవాలయం ఉంది. దాన్ని ఇరవై ఏళ్లకోసారి పూర్తిగా కొత్త కర్రతో కడతారు. చివరిసారి 2013లో కట్టారు, అది 62వ సారి. అది నిన్న మొన్నటి గుడి అని అక్కడ ఎవరూ అనరు. పైగా 1975లో జపాన్ తన చట్టాన్ని సవరించి, కట్టడాలతో పాటు వాటిని బాగుచేసే పనితనాలను కూడా కాపాడటం మొదలుపెట్టింది. అక్కడ పని తెలిసిన చేతిని కూడా వారసత్వంగా గుర్తించారు. మన దగ్గర గడ్డి కప్పడం తెలిసిన పెద్దమనిషి పోతే ఆ విద్య ఆయనతోనే పోతుంది.

ఇక డబ్బు మాట. మన ప్రాంతాలకు డబ్బు రాదని అనడం తప్పు. వస్తుంది. కానీ కొత్తది కట్టడానికి వస్తుంది, ఉన్నది నిలబెట్టడానికి రాదు. జోడేఘాట్‌లో కుమ్రం భీం స్మారకానికి 2014లో 25 కోట్లు ప్రకటించారు. 2016లో మ్యూజియం తెరిచారు. భీం పేరు మీద ఒక్క రూపాయి ఖర్చయినా మనకు గర్వమే. ఆ డబ్బు వద్దనడం లేదు. మేం అడిగేది ఒక్కటే: ఏ కట్టడానికైనా మంజూరు ఉత్తర్వులోనే, కట్టిన మర్నాటి నుంచి పైకప్పు ఎవరు చూడాలి, కాపలా ఎవరిది, కరెంటు బిల్లు ఏ పద్దు కింద కట్టాలి అన్నవి రాసి ఉంటున్నాయా? కొత్త పనికి కాంట్రాక్టరుంటాడు, బిల్లుంటుంది, శిలాఫలకం ఉంటుంది. ఏడాదికోసారి గోడ అలకడానికి ఇవేవీ ఉండవు. అందుకే ఆ పద్దు ఎవరికీ పట్టదు.

ప్రభుత్వం కదలకపోతే మన జనం ఊరుకోలేదు. నాగోబా గుడిని మెస్రం వంశీయులు తమ ఇంటింటి చందాలతో రాతితో కొత్తగా కట్టుకున్నారు. 2022 డిసెంబరులో ప్రారంభించుకున్నారు. కూలీనాలీ చేసుకునేవాళ్లూ అందులో తమ వంతు ఇచ్చారు. అది వాళ్ల నిర్ణయం, వాళ్ల గుడి. గర్వపడాల్సిందే. కానీ దాన్ని చూపించి "మీవాళ్లే కట్టుకోగలరు కదా" అని చేతులు దులుపుకునే హక్కు ఏ అధికారికీ లేదు. కోటల మరమ్మతుకు ఖజానా ఉన్నప్పుడు, మన చోట్లకు చందా డబ్బా మాత్రమే ఎందుకుండాలి?

నూరేళ్ల నిబంధన ఎంత అన్యాయమో తెలియాలంటే ఇంద్రవెల్లికి పోవాలి. 1981 ఏప్రిల్ 20న భూమి కోసం కూడిన మనవాళ్ల మీద పోలీసు కాల్పులు జరిగాయి. సర్కారు లెక్క 13 మంది, మన లెక్క దానికి ఎన్నో రెట్లు. ఆ స్తూపాన్ని ఒకసారి కూల్చారు, మళ్లీ కట్టారు. ఏళ్ల తరబడి ఏప్రిల్ 20న అక్కడ దండం పెట్టుకోవడానికి కూడా ఆంక్షలుండేవి. ఆ స్తూపానికి నూరేళ్లు నిండాలంటే ఇంకా రెండు తరాలు పోవాలి. అప్పటిదాకా అది 1958 చట్టానికి పురాతన కట్టడం కాదు. మార్లవాయి సంగతీ ఇంతే. 1943లో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది అక్కడే. గోండి వాచకాలు వచ్చింది అక్కడే. ఇవాళ సుద్దముక్క పట్టిన మాకందరికీ ఆ ఊరు పుట్టిల్లు. ఏటా హైమండార్ఫ్ దంపతుల సమాధుల మీద పెద్దలు పూలదండలు వేస్తారు. వెయ్యాలి. కానీ మన తొలి పంతుళ్లు చదువుకున్న ఆ చోటును ఏ చట్టం కింద, ఏ నిధితో కాపాడుతారో దండ వేసినవాళ్లు చెప్పాలి.

"అయితే అన్నిటినీ పురావస్తు శాఖకు అప్పగిద్దాం" అని మనలో కొందరు అంటున్నారు. తొందరపడొద్దు. 1958 చట్టానికి 2010లో వచ్చిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం. ఆ పైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. మన పెన్ ఊరి నడుమ ఉంటుంది, లేదా ఊరికి ఆనుకుని ఉంటుంది. వంద మీటర్ల గీత గీస్తే సగం గూడెం అందులో పడుతుంది. కొడుక్కి పెళ్లయితే పక్కన కొత్త ఇల్లు వేసుకోవడానికి వీలుండదు. పాత ఇంటి మరమ్మతుకూ అనుమతి కావాలి. పైగా 1958 చట్టంలో గ్రామసభ అన్న మాటే లేదు. అభ్యంతరాలు చెప్పుకోవడానికి రెండు నెలల గడువు మాత్రం ఉంది. ఆ నోటీసు మన పెద్దలకు ఏ భాషలో చేరుతుంది? ఇక వాళ్ల కాపలా ఎలాంటిదో కాగ్ 2013లోనే చెప్పింది. తనిఖీ చేసిన 1,655 రక్షిత కట్టడాల్లో 92 కనిపించలేదు. కాగితం మీద ఉన్నాయి, నేల మీద లేవు.

"అయితే ఏ చట్టమూ వద్దు, మన ఆచారం మనకు చాలు" అనేవాళ్లూ ఉన్నారు. అదీ కుదరదు. రోడ్డు వెడల్పు పని వచ్చినప్పుడు, సిమెంటు భవనం మంజూరైనప్పుడు ఆచారం ఒక్కటే అడ్డుపడలేదు. మన చేతిలో కాగితం కావాలి. ఆ కాగితం ఇప్పటికే ఉంది.

1996 పెసా చట్టం 4(డి) సెక్షన్ ప్రకారం ప్రజల సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును, సామూహిక వనరులను కాపాడుకునే అధికారం గ్రామసభది. 4(ఇ) ప్రకారం గ్రామ పథకాలు అమలు కాకముందే గ్రామసభ ఆమోదం తీసుకోవాలి. 4(ఎఫ్) ప్రకారం నిధులు సరిగా ఖర్చయ్యాయని పంచాయతీ గ్రామసభ దగ్గరే ధ్రువీకరణ పొందాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో పెసా నియమాలు కూడా వచ్చాయి. 2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ సాంస్కృతిక వారసత్వానికి హాని జరగకుండా కాపాడే అధికారమిచ్చింది. ఇవి ఉత్త మాటలు కావని నియమగిరి డోంగ్రియా కోందులు చూపించారు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తమ దేవుడి కొండ గురించి గ్రామసభలే తేల్చాలంది. 12 గ్రామసభలు కూడాయి, 12 కూడా గని వద్దన్నాయి.

డబ్బుకూ దారులున్నాయి. గిరిజన ఉప ప్రణాళికకు 2013లో చట్టం చేశారు. తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. రాజ్యాంగం 275(1) కింద గ్రాంటులున్నాయి. ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చే సొమ్ములో షరతులు లేని భాగం ఉంటుంది, 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో అది 40 శాతం. ఇందులోంచి ఏటా ఒక చిన్న మొత్తం నిర్వహణకని విడిగా పెట్టమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

కర్ర సంగతి కూడా తేల్చుకోవాలి. అటవీ హక్కుల చట్టంలో వెదురు మనది. కలప ఆ లెక్కలోకి రాదు. గుడి నిట్రాడు కోసం చెట్టు కొడితే కేసవుతుంది. సిమెంటు స్తంభం పోస్తే బిల్లవుతుంది. ఇలా ఉంటే మట్టి కట్టడం ఎలా బతుకుతుంది? అదే చట్టం నిస్తార్ లాంటి సామూహిక హక్కులను గుర్తిస్తుంది. గుడికి, చావడికి కావాల్సిన కర్రను గ్రామసభ తీర్మానం మీద ఇవ్వాలని సామూహిక హక్కుల దరఖాస్తులోనే రాయాలి.

కాబట్టి మన డిమాండ్లు ఇవి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఏది వారసత్వమో గ్రామసభ నిర్ణయించాలి, నూరేళ్ల షరతు పెట్టకూడదు. ఆ జాబితాలో ఉన్నదాన్ని గ్రామసభ అనుమతి లేకుండా కూల్చకూడదు, రూపు మార్చకూడదు. చుట్టూ ఉన్న ఇళ్లకు ఎంత గీత గియ్యాలో ఊరే చెప్పాలి. ఏటా నిర్వహణ నిధి కాంట్రాక్టరుకు కాక గ్రామసభ ఖాతాకు రావాలి, అందులోంచి మట్టిపని, గడ్డిపని తెలిసిన మనవాళ్లకే కూలి అందాలి. కర్ర, గడ్డి, వెదురు తెచ్చుకునే హక్కు రాతపూర్వకంగా ఉండాలి.

మిత్రులారా, జాబితా ఎవరో వచ్చి రాసేదాకా ఆగొద్దు. ఉపాధ్యాయులు పిల్లలతో ఆ పని మొదలుపెట్టొచ్చు. ఊళ్లో ఏ చోటు ఏది, దాని పేరేంటి, ఏ వంశం చూసుకుంటుంది, ఏ నెలలో బాగుచేస్తారు, ఏ కర్ర, ఏ మట్టి వాడతారు అన్నవి ఒక నోటుపుస్తకంలో రాయించండి. పటేల్, దేవారి చెప్పిన మాటను వాళ్లు చెప్పినట్టే రాయించండి. బయటివాళ్లకు చెప్పకూడనిది ఉంటే అది రాయొద్దు, ఏది చెప్పాలో పెద్దలకే వదిలేయండి. యువకులు ఆ పుస్తకాన్ని వచ్చే గ్రామసభలో చదివి వినిపించి, తీర్మానం చేయించి, సంతకాలు పెట్టించి, ఒక నకలు ఐ.టి.డి.ఎ.కు, ఒకటి కలెక్టరుకు ఇచ్చి రసీదు తీసుకోండి. పట్నంలో ఎర్రమంజిల్‌కు ఉన్న కాగితం మన చావడికి లేదు. ఆ కాగితం మొదటి పేజీ మన బడిలోనే మొదలుకావాలి.