అన్నీ గూగుల్‌లోనే ఉన్నాయన్న ధీమా తప్పు

"బ్యాకప్ ఎందుకండీ, అన్నీ గూగుల్‌లోనే ఉంటాయి కదా" అనే మాట చదువుకున్నవాళ్లలో బాగా పాతుకుపోయింది. దానికి తోడు ఇంకొకటి: "బ్రౌజర్ ఏదైతేనేం, క్రోమ్ ఉంది చాలు." కొత్త కంప్యూటర్ కొనిపెట్టే తమ్ముడి దగ్గర్నుంచి బడిలో కంప్యూటర్ పాఠం చెప్పే సారు దాకా అందరి సలహా ఇదే. ఈ సలహా తప్పు. పట్నంలో ఉన్నవాళ్లకు దీనివల్ల కొంత చిరాకు, కొంత ఖర్చు. ములకలపల్లి లాంటి అడవి మండలంలో మాత్రం భూమి మీద హక్కుకే ఎసరు పెట్టగల సలహా ఇది.

ఎలాగో చూద్దాం. ములకలపల్లి 2016 అక్టోబరు దాకా ఖమ్మం జిల్లా, ఆ తర్వాత భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. షెడ్యూల్డ్ ప్రాంతం. కోయ గూడేలు, పోడు సేద్యం. ఇలాంటి చోట కాగితానికి ఉన్న బరువు వేరు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా కావాలంటే 2005 డిసెంబరు 13 నాటికే ఆ నేల తన సాగులో ఉందని రైతు చూపించుకోవాలి. దరఖాస్తు, ఆధారాలు, గ్రామసభ తీర్మానం, ఆ పైన సబ్ డివిజన్ కమిటీ, జిల్లా కమిటీ. గ్రామసభ కాదంటే 60 రోజుల్లోగా పైకి అప్పీలు చేసుకోవాలి. 2023 జూన్ 30న రాష్ట్ర ప్రభుత్వం పోడు పట్టాల పంపిణీ మొదలుపెట్టి, సుమారు లక్షన్నర మందికి 4 లక్షల ఎకరాల పైచిలుకు ఇస్తున్నామని ప్రకటించింది. పేరు రానివాళ్ల చేతిలో మిగిలింది దరఖాస్తు నకలు, రసీదు, తీర్మానం కాపీ మాత్రమే. రేపు మళ్లీ అడగాలన్నా, కోర్టుకు వెళ్లాలన్నా అవే దిక్కు.

మరి ఆ కాగితాలు ఎక్కడున్నాయి? ఇలాంటి ఏ మండల కేంద్రంలోనైనా నెట్ సెంటర్‌కు వెళ్లి కంప్యూటర్ తెర చూడండి. వెనక బొమ్మ కనిపించనంతగా పీడీఎఫ్‌లు పరుచుకుని ఉంటాయి. 'స్కాన్ 1', 'స్కాన్ 1 కాపీ', 'న్యూ ఫోల్డర్ 2', 'ఆధార్ ఫైనల్'. వాటి మధ్యలోనే ఎవరిదో కులధ్రువీకరణ పత్రం, ఎవరిదో సర్వే స్కెచ్, ఏ గూడెందో గ్రామసభ తీర్మానం. స్కాన్ చేస్తారు, ప్రింటు ఇస్తారు, వాట్సాప్‌లో ఫొటోగా పంపుతారు. పని అయిపోయిందనుకుంటాం. వాట్సాప్‌లో ఫొటోగా వెళ్లిన కాగితం కుదించుకుపోతుంది. సన్న అక్షరాలు, స్టాంపు మీది తేదీ మసకబారుతాయి. డిస్కు నిండితే షాపులో కుర్రాడు పాతవన్నీ ఎంచి డిలీట్ కొడతాడు. అతని తప్పు కాదు, అది అతని కంప్యూటర్. వానాకాలంలో పిడుగు పడితే డిలీట్ కొట్టే పని కూడా ఉండదు.

"అందుకే గదా క్లౌడ్‌లో పెట్టమనేది" అంటారు. ఈ వాదనలో నిజం ఉంది, ఒప్పుకోవాలి. గూగుల్ డేటా సెంటర్‌లో ఒక డిస్కు చెడిపోతే ఇంకో డిస్కు అందుకుంటుంది. మన ఇంట్లో పెన్‌డ్రైవ్ కంటే ఆ యంత్రాలు ఎన్నో రెట్లు నమ్మదగినవి. అయితే అక్కడ పోయేది ఫైలు కాదు, తాళం. ఆ ఖాతాకు తాళం పాస్‌వర్డ్, పాస్‌వర్డ్‌కు తాళం ఫోన్ నంబరు, ఫోన్ నంబరుకు తాళం రీఛార్జి. మిరప కోతలకు నెలల తరబడి పోయి వచ్చిన కుటుంబంలో పాత సిమ్ 90 రోజులు కదలకుండా, బ్యాలెన్స్ లేకుండా ఉంటే కంపెనీ దాన్ని ఆపేయవచ్చు. కొన్నాళ్లకు అదే నంబరు ఇంకొకరికి వెళ్తుంది, ఓటీపీ వాళ్ల ఫోన్‌కు పోతుంది. ఇక రెండేళ్లు తెరవని ఖాతాలను తొలగించే పని గూగుల్ 2023 డిసెంబరులో మొదలుపెట్టింది. ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే మెయిల్, ఫైళ్లు, ఫొటోలు అన్నీ ఇమడాలి. 2021 జూన్ 1 నుంచి ఫొటోలనూ ఆ లెక్కలోనే కలిపేశారు. ఆ చోటు నిండితే కొత్త మెయిల్ కూడా రాదు. కమిటీ నుంచి వచ్చే నోటీసు మెయిల్‌లోనే రావాల్సి ఉంటే?

డిజిలాకర్ ఉంది కదా అని ఇంకొందరు గుర్తు చేస్తారు. 2015లో మొదలైన మంచి ఏర్పాటే అది. ఆధార్, మార్కుల మెమోలు, డ్రైవింగ్ లైసెన్సు లాంటివి అందులో వస్తే అసలు పత్రంతో సమానం. కానీ ప్రభుత్వ శాఖ తానుగా జారీ చేసిన పత్రాలకే ఆ సౌకర్యం. మన దరఖాస్తు నకలు, పంచనామా, పొలం గట్టు మీద తీసిన ఫొటో, తాత పేరున్న పాత రసీదు ఏ శాఖా మనకు పంపదు. వాటిని మనమే కాపాడుకోవాలి.

ఇంకో పొరపాటు మరింత ప్రమాదకరం. కంప్యూటర్‌లో ఒక ఫోల్డరును గూగుల్ డ్రైవ్‌తో కలిపేసి, అదే బ్యాకప్ అనుకోవడం. అది సింక్. ఇక్కడ ఏం జరిగితే అక్కడా అదే జరుగుతుంది. ఇక్కడ ఫైలు పొరపాటున చెరిగిపోతే అక్కడా చెరిగిపోతుంది. చెత్తబుట్టలో 30 రోజులు ఉండి ఆపైన పూర్తిగా పోతుంది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ చొరబడితే తాళం పడిన ఫైళ్లే పైకి చేరతాయి. ఇది ఎక్కడో అమెరికా ముచ్చట కాదు. 2017 మేలో వనాక్రై రాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని వణికించినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లకూ అంటుకుంది. 2019లో తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు దాదాపు రెండు వారాలు మూగబోయి, డాక్టర్లు మళ్లీ కాగితం మీద రాసుకున్నారు.

పెద్ద సంస్థ అయితే భద్రమే అన్న నమ్మకానికి 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియా జవాబు చెప్పింది. డేజాన్‌లోని ప్రభుత్వ డేటా కేంద్రంలో బ్యాటరీలకు నిప్పంటుకుని, ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ డ్రైవ్ అనే ప్రభుత్వ వ్యవస్థ కాలిపోయింది. 858 టెరాబైట్లు. దానికి వేరే చోట కాపీ లేదు. కాగితమైతే భద్రమా అంటే, 2024 జులైలో మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో కాలిపోయిన భూముల ఫైళ్లను తలుచుకోండి. కాగితమైనా కంప్యూటర్ అయినా, ఒక్క చోటే ఉన్నది పోతుంది.

ఇక బ్రౌజర్ దగ్గరికి వద్దాం. ఇది వేరే విషయం అనిపిస్తుంది కానీ కాదు. మన గూగుల్ ఖాతాలోకి మనం పోయే దారి బ్రౌజరే. నెట్ సెంటర్‌లో హాల్ టికెట్ తీసుకుందామని ఒక కుర్రాడు తన జీమెయిల్ తెరుస్తాడు. పాస్‌వర్డ్ సేవ్ చేయమంటారా అని క్రోమ్ అడుగుతుంది. తొందరలో సరే అంటాడు. ఆ క్రోమ్‌లో షాపు యజమాని ఖాతా తెరిచి సింక్ ఆన్‌లో ఉంటే, ఆ పాస్‌వర్డ్ యజమాని ఇంట్లోని కంప్యూటర్‌కూ, అతని ఫోన్‌కూ చేరుతుంది. ఎవరూ దొంగతనం చేయలేదు. సౌకర్యం పేరుతో అన్నిటినీ ఒక్క ఖాతాకు ముడివేసిన పద్ధతే ఈ పని చేసింది.

క్రోమ్ 2008లో వచ్చినప్పుడు వేగంగా ఉంది, ఇప్పటికీ ఉంది. దాన్ని తయారుచేసే కంపెనీ బతుకుతెరువు మాత్రం ప్రకటనలు. ప్రకటనలను గట్టిగా అడ్డుకునే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్‌ను కొత్త నియమాల పేరుతో క్రోమ్ పక్కన పెట్టేసింది. ఫైర్‌ఫాక్స్‌లో అది ఇప్పటికీ నడుస్తోంది. ప్రకటనలు అడ్డుకోవడం విలాసం అనుకోవద్దు. ప్రభుత్వ సేవ పేరు కొట్టి వెతికితే పైన వచ్చే నకిలీ సైటు చాలాసార్లు ప్రకటనే. 2022 డిసెంబరులో అమెరికా ఎఫ్‌బీఐ కూడా ఈ మోసాల నుంచి కాపాడుకోవడానికి ప్రకటనలను అడ్డుకునే ఎక్స్‌టెన్షన్ వాడమని జనానికి చెప్పింది. రోజుకు ఇంత డేటా అని లెక్కపెట్టుకునే చోట ప్రకటనలు తినే డేటా కూడా మన డబ్బే.

"ఎడ్జ్ వాడతాం, బ్రేవ్ వాడతాం" అంటే బోర్డు మారుతుంది, లోపలి ఇంజిన్ మారదు. అవన్నీ గూగుల్ నడిపించే క్రోమియం మీద కట్టినవే. విండోస్ మీద వేరే ఇంజిన్‌తో మిగిలిన పెద్ద బ్రౌజర్ ఫైర్‌ఫాక్స్ ఒక్కటే. ఒకే బ్రౌజర్‌ను నమ్ముకుంటే ఏమవుతుందో మన కార్యాలయాలు ఒకసారి చూశాయి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప తెరుచుకోని ప్రభుత్వ సైట్లు కట్టారు. 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ దాన్ని మూసేసింది. పాత కంప్యూటర్ల సంగతీ అంతే. 109వ వెర్షన్ తర్వాత క్రోమ్ విండోస్ 7ను వదిలేసింది. ఆ తర్వాత కూడా ఫైర్‌ఫాక్స్ తన 115వ వెర్షన్‌తో ఆ యంత్రాలకు భద్రతా మార్పులు ఇస్తూ వచ్చింది. కొత్త కంప్యూటర్ కొనలేని పల్లెకు ఈ తేడా చిన్నది కాదు.

ఫైర్‌ఫాక్స్‌లోనూ లోపాలున్నాయి. దానికి వచ్చే రాబడిలో ఎక్కువ భాగం గూగుల్ ఇచ్చేదే. కొన్ని పోర్టల్స్ అందులో సరిగా తెరుచుకోవు. అలాంటి పనికి క్రోమ్‌ను పక్కన ఉంచుకోండి, తప్పులేదు. రోజువారీ బ్రౌజర్‌గా, పాస్‌వర్డులు దాచే చోటుగా మాత్రం దాన్ని పెట్టుకోవద్దు.

ఖర్చు ఎక్కువంటారా? 64 జీబీ పెన్‌డ్రైవులు రెండు కొంటే ఒక కుటుంబం కాగితాలన్నీ పట్టి ఇంకా చోటు మిగులుతుంది. పద్ధతి కూడా కొత్తది కాదు. పీటర్ క్రో అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం: మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే చోట. మన లెక్కలో ఇలా: ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి ఇంట్లో పెన్‌డ్రైవులో, ఒకటి పక్క ఊరి చుట్టాల ఇంట్లో. కాపీ అయిన వెంటనే పెన్‌డ్రైవ్ ఊడదీయాలి, తగిలించే ఉంచితే రాన్సమ్‌వేర్ దాన్నీ వదలదు. మూడు నెలలకోసారి వేరే కంప్యూటర్‌లో పెట్టి ఫైళ్లు తెరిచి చూడాలి. 2017లో గిట్‌ల్యాబ్ అనే పెద్ద కంపెనీలో డేటా చెరిగిపోయినప్పుడు ఐదు రకాల బ్యాకప్‌లలో ఒక్కటీ సరిగా పనికిరాలేదు. అనుకోకుండా ఆరు గంటల ముందు తీసిన ఒక కాపీ వాళ్లను ఆదుకుంది. తెరిచి చూడని బ్యాకప్ ఉన్నట్టు కాదు. గూగుల్ డ్రైవ్‌లో ఒక కాపీ పెట్టుకోండి, మంచిదే. అది నాలుగోది కావాలి.

ఇది భూమి కాగితాలతో ఆగే విషయం కాదు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన కోయ డోలి కళాకారుడు, పద్మశ్రీ సకిని రామచంద్రయ్య 2024 జూన్‌లో కన్నుమూశారు. ఆయన కోయల కథలను నోటనే నిలుపుకుని పాడారు. అలాంటి పాటలను ఇవాళ గూడేల్లో పిల్లలు ఫోన్లలో రికార్డు చేస్తున్నారు. ఆ రికార్డింగులు ఒక్క ఖాతాలో, ఒక్క నంబరు మీద ఆధారపడి ఉంటే పాడినవాళ్లతో పాటే పోతాయి.

కాబట్టి గూడెంలో కంప్యూటర్ తెలిసిన ప్రతి తమ్ముడికీ, చెల్లికీ, పంచాయతీ కార్యదర్శులకూ, అటవీ హక్కుల కమిటీ సభ్యులకూ నా మనవి ఒకటే. ఈ వారంలోనే మీ గ్రామసభ తీర్మానాలు, దరఖాస్తుల నకళ్లు స్కాన్ చేసి రెండు పెన్‌డ్రైవుల్లో ఎక్కించండి. ఒకటి ఊరు దాటించండి. నెట్ సెంటర్ యజమానులారా, మీ బ్రౌజర్‌లో పాస్‌వర్డులు సేవ్ చేయడం ఆపేయండి, సింక్ కట్టేయండి, పని కాగానే వినియోగదారుడి ఖాతా లాగౌట్ చేయించండి. ఇంత చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, నెట్ కూడా అక్కర్లేదు.